పాటల కచేరీ, పక్కనే బొమ్మలు: రెండూ కలిపి ఎలా పెట్టాలండి?

వైనతేయ గట్టు

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం పక్కన. మాకో పాటల గుంపు ఉంది, క్వాయర్ అంటే క్వాయరే గానీ పేరూ గీరూ ఏం పెట్టుకోలేదు. బడి టీచర్లు, బ్యాంకులో చేసేవాళ్ళు, కొబ్బరికాయల వ్యాపారం చేసే ఒకాయన, ఆదివారం చర్చిలో పాడేవాళ్ళు కొందరు, శనివారం గుళ్ళో భజన చేసే ఆడవాళ్ళు, అంతా కలిపి ముప్పై మంది దాకా ఉంటాం. ఇప్పటిదాకా పండక్కో, ఎవరింట్లోనన్నా ఫంక్షన్‌కో పాడాం అంతే. ఈసారి సొంతంగా ఒక సాయంత్రం ప్రోగ్రాం పెట్టుకుందాం అనుకున్నాం, టికెట్ లేదు, అందరూ రావచ్చు.

ఇక్కడి హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పే మేడమ్ ఒకావిడ, ఆవిడ దగ్గర నేర్చుకునే పిల్లలూ కలిసి బొమ్మలు ఇస్తామన్నారు. అన్నీ మన కాలవలు, కొంగలు, అరటి తోటలు, వరి, గోదావరి పాయలు, ఇలా మన చుట్టూ ఉన్నవే. పాటలు కూడా వాన, ఏరు, పంట అలాంటివే ఏరుకుంటున్నాం. ఇక్కడిదాకా బానే ఉంది. అసలు గొడవ ఏంటంటే కమిటీలో ఒక పెద్దాయన "ఎందుకమ్మా అవన్నీ, వెనకాల పెద్ద ఎల్ఈడీ స్క్రీన్ పెట్టించేస్తా, డ్రోన్‌తో తీసిన కోనసీమ వీడియో వేసేద్దాం, బొమ్మలు కూడా ఫోటోలు తీసి అందులోనే తిప్పేద్దాం" అంటున్నారు, డబ్బులు కూడా ఆయనే పెడతానంటున్నారు కాబట్టి ఎదురు చెప్పడానికి మొహమాటంగా ఉంది. డ్రాయింగ్ మేడమ్ మొహం మాత్రం మాడిపోయింది పాపం.

బొమ్మలు గోడకి పెడితే జనం చూస్తారా, చూసేవాళ్ళు పాట వింటారా? ఏ పాటకి ఆ బొమ్మ అని జత కట్టాలా వద్దా? హాలు ఎలాంటిది అయితే బావుంటుంది? చర్చి వాళ్ళకీ భజన వాళ్ళకీ పాడే పద్ధతే వేరు, శృతి దగ్గరే రోజూ పేచీ, దానికేమన్నా దారి ఉంటే అదీ చెప్పండి. ఇలాంటివి చేసినవాళ్ళు ఉంటే కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

బొమ్మల మాస్టారు

ఏవండోయ్, ముందు ఆ ఎల్ఈడీ మాట మానిపించండి. నేను రాజమండ్రిలో బొమ్మలు నేర్పుతా, నా మాట కొంచెం ఏకపక్షంగా అనిపిస్తే అనిపించనివ్వండి. కదిలే బొమ్మ, అందులోనూ వెలుతురు చిమ్మే బొమ్మ వెనకాల ఉంటే మనిషి కన్ను దాని మీదికే పోతుంది, ముందు ముప్పై మంది నిలబడి గొంతు చించుకున్నా వాళ్ళు నీడల్లా కనపడతారు తప్ప మొహాలు కనపడవు. పైగా చెయ్యి పెట్టి వేసిన నీటిరంగు బొమ్మని ఫోటో తీసి పదడుగులు చేసి చూపిస్తే ఆ కాగితం గరుకు, రంగు ఆరేటప్పుడు అంచున కట్టే గీత, ఏదీ మిగలదు. ఇంక ఆ పిల్లలు కష్టపడి వెయ్యడం ఎందుకు?

జత కట్టే విషయం. ఇది మనకేం కొత్త కాదు, రాగమాల చిత్రాలని ఉన్నాయి కదా, రాజస్థాన్‌లో, పహాడీ రాజ్యాల్లో, మన దక్కన్‌లో కూడా వేశారు, ఒక్కో రాగానికి ఒక్కో బొమ్మ. మేఘ రాగం అంటే మబ్బులు, వాన, నాట్యం. కానీ వాటిని బాగా చూడండి, ఆ బొమ్మ చూసి ఎవడూ స్వరాలు చెప్పలేడు, ఆ రాగం విని ఆ బొమ్మ ఊహించలేడు. రెండూ ఒకే ఋతువుని, ఒకే మనసుని ఎవరి దారిన వాళ్ళు పట్టుకున్నారు అంతే. అందుకని కొంగ పాటకి కొంగ బొమ్మ, పడవ పాటకి పడవ బొమ్మ అని పెట్టకండి, మొదటి క్లాసు వాచకంలా ఉంటుంది. వాన పాటకి ఎండిపోయిన కాలవ అడుగు బొమ్మ పెట్టండి, చూసేవాడు ఆలోచిస్తాడు.

వరస ఎలాగంటే, పాటల కంటే ముందు ఒక గంట బొమ్మలకే వదిలెయ్యండి. వరండాలోనో బయట గదిలోనో పెట్టండి, జనం నడుస్తూ చూస్తారు, పిల్లలు తమ బొమ్మ పక్కనే నిలబడి ఏం వేశారో చెప్తారు, అమ్మా నాన్నా ఫోటోలు దిగుతారు, ఆ హడావుడంతా అక్కడే అయిపోతుంది. తరవాత లోపలికొచ్చి కూర్చుంటే పాట వినడానికి మనసు ఖాళీగా ఉంటుంది. హాల్లో మాత్రం రెండో మూడో పెద్ద బొమ్మలు చాలు. ఎక్కువ పెడితే దేన్నీ చూడరు.

ఇంకో ముక్క, మీ డ్రాయింగ్ మేడమ్‌కి చెప్పండి. షాపు రంగులే కాకుండా మన మట్టితో వేయించి చూడమనండి. వరద తగ్గాక లంకలో మిగిలే ఒండ్రు ఉంటుంది కదా, ఎండితే బూడిద కలిసిన గోధుమ రంగు, అదొకటి. వరిచేలో నల్ల రేగడి ఒకటి. ఇటుకబట్టీ దగ్గర రాలిన ఎర్ర పొడి ఒకటి. పల్చటి గుడ్డలో వేసి జల్లించి, తుమ్మ జిగురు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళతో నూరితే రంగు తయారు. మందంగా పూస్తే మాత్రం ఆరాక పెచ్చులు లేస్తుంది, పల్చగా రెండు మూడు పూతలు వెయ్యాలి. కాగితం కంటే గంజి పెట్టి ఆరేసిన ఖద్దరు గుడ్డ బాగా పట్టుకుంటుంది. అలా వేసిన గుడ్డ పదడుగులది ఒక్కటి వేలాడదీస్తే మీకు స్క్రీన్ అక్కర్లేదు.

అన్నట్టు పిల్లల్ని ఒకసారి రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకురండి. ఆయన చిత్రకారుడు, 1897లో పుట్టి 1925లో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొరగారు ఆయన్నీ, భీమవరం నుంచి వచ్చిన అడవి బాపిరాజునీ చేరదీసి బొమ్మల్లో పెట్టాడు. మన పక్కనే అంత మనిషి ఉన్నాడని చాలామంది పిల్లలకి తెలీదు.

ఇంకో ఐడియా కూడా ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద అడుగులు కొలుస్తారు కదా, 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ కొలబద్దనే నిలువు గుడ్డ మీద వేసి స్టేజీ పక్కన పెట్టండి, ఒక పాట మూడు భాగాలుగా, ఒక్కో హెచ్చరికకి గొంతులు పెరుగుతూ పోయేలా కట్టించండి. చూడ్డానికీ వినడానికీ అదిరిపోద్ది.

రెండో గొంతు

మాస్టారు బొమ్మల సంగతి చెప్పారు, నేను గొంతుల సంగతి చెప్తా. భీమవరంలో మా చర్చి క్వాయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ళలో కింది గొంతు పాడతాను, చిన్నప్పుడు కర్ణాటక సంగీతం కూడా కొన్నాళ్ళు నేర్చుకున్నా కాబట్టి రెండు వైపుల గొడవా తెలుసు.

శృతి పేచీ ఎక్కడొస్తుందంటే, మగవాళ్ళు మామూలుగా ఒకటి శృతిలో, అంటే కింది శృతిలో పాడతారు, ఆడవాళ్ళు ఐదులోనో ఐదున్నరలోనో, అంటే పై శృతిలో. ఒకటిలో పెడితే ఆడవాళ్ళకి కింద పంచమం దగ్గర గొంతు కనపడకుండా పోద్ది, ఐదులో పెడితే మగవాళ్ళు చరణం దగ్గర అరుస్తారు. అందుకే ఎక్కువ ఎత్తుకీ ఎక్కువ కిందకీ వెళ్ళని పాటలు ఏరుకోండి, అలాంటి చిన్న పాటలు మధ్యమ శృతిలో (మధ్యమాన్నే షడ్జంగా పట్టుకుని) కూడా హాయిగా నడుస్తాయి. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు అసలు అందరూ కలిసి పాడుకోడానికే చేసినవి, సంగతులు (ఒకే లైనుని మార్చి మార్చి పాడడం) తక్కువ, మీ భజన ఆడవాళ్ళకి వచ్చే ఉంటాయి. వాటితో మొదలుపెడితే చర్చి వాళ్ళే వెనకాల వస్తారు.

నాలుగు గొంతుల హార్మనీ (ఒకేసారి వేరు వేరు స్వరాలు పాడడం) కావాలని చర్చి పిల్లలు పట్టుబడితే ముందు మోహన రాగం పట్టుకోమనండి. అందులో ఉన్నవి ఐదే స్వరాలు, మధ్యమం నిషాదం లేవు, ఏ రెండు కలిపినా చెవికి పెద్దగా గుచ్చుకోవు. తోడి రాగంలోనో మరొకదాంట్లోనో గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పాడేవి, ఊగుతుంటే కింద కదలని స్వరాలు పెట్టారనుకోండి, రెండూ చెడతాయి. గమకం ఉన్న చోట అందరూ ఒకటే పాడాలి, లేకపోతే సగంమంది ఊరికే షడ్జం పంచమం పట్టుకుని ఆధారంగా ఉండాలి. చెప్పడానికి తేలిక గానీ ఊరికే "ఆ" అని ఒక్క స్వరం మీద రెండు నిమిషాలు నిలబడ్డం ఎంత కష్టమో నిలబడితే తెలుస్తది, ఊపిరి ఒకళ్ళ తరవాత ఒకళ్ళు తీసుకోవాలి, అందరూ ఒకేసారి తీసుకుంటే గుంపంతా ఆగినట్టు ఉంటది.

మన భాషల పాటలకి ఇలా గుంపు పాట కట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. రుమా గుహ ఠాకుర్తా 1958లో కలకత్తా యూత్ క్వాయర్ పెట్టారు, తరవాత ఎం.బి. శ్రీనివాసన్ గారు మద్రాస్ యూత్ క్వాయర్ పెట్టారు, ఆయన మన చిత్తూరులో పుట్టినాయనే. ఆకాశవాణిలో బృందగానం అని వచ్చేది కదా, పెద్దవాళ్ళని అడిగితే ఇప్పటికీ పాడి వినిపిస్తారు. అలాంటి పాటలు పాతిక మంది మామూలు గొంతులతోనే నిలబడతాయి, ఒక్కరికి గొప్ప గొంతు ఉండక్కర్లేదు.

మాస్టారి వరద పాట ఐడియా నాకు నచ్చింది, కానీ గొంతులు పెంచుకుంటూ పోయి చివర్లో అరుపు చెయ్యకండి. మూడో హెచ్చరిక దగ్గర ఒక్కసారిగా నలుగురే పాడాలి, మిగతావాళ్ళు ఆగిపోవాలి. అప్పుడు జనం ఉలిక్కిపడతారు.

లంకోడు

అందరూ మంచి మంచి మాటలు చెప్తున్నారు గానీ నాకు ఒళ్ళు మండి రాస్తున్నా, ఏమనుకోకండి. మాది లంక ఊరు. మీరు పదిహేడూ ముప్పాతిక అడుగులు అని రాగం తీసి పాడుకునేది మాకు ఇంట్లోకి నీళ్ళొచ్చే నంబరు. రెండో హెచ్చరిక అనగానే గేదెల్ని గట్టు మీదికి తోలతాం, బియ్యం బస్తా అటక మీదికి, పుస్తకాలూ పాస్‌బుక్కులూ ఆధార్ కార్డులూ ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి నడుముకి. మా నాన్న 1986 వరద మాట ఎత్తితే ఇప్పటికీ మాట మార్చేస్తాడు. 96 నవంబరు తుపానుకి ఈ కోనసీమలో పడిపోయిన కొబ్బరిచెట్లు ఎన్నో, పోయిన మనుషులు ఎంతమందో మీకు తెలియంది కాదు. అదిరిపోద్ది అంటే ఎలా మాస్టారూ?

ఇంకోటి. ప్రకృతి అంటే మీ అందరికీ కొబ్బరాకు మధ్యలో సూర్యుడేనా? మా పక్కన వరి చేలు తవ్వి రొయ్యల చెరువులు చేశారు, రాత్రంతా నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతానే ఉంటాయి, ఆ చప్పుడు మా ఊరికి ఇప్పుడు కప్పల కంటే ఎక్కువ అలవాటు. డ్రెయిన్లో నీళ్ళు ఒక్కోరోజు ఒక్కో రంగు. పాశర్లపూడిలో 1995లో గ్యాస్ బావి బ్లోఅవుట్ అయ్యి, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి తన్నుకొచ్చి, రెండు నెలల పైన మండింది, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి రాత్రీ పగలూ తేడా తెలీలేదని చెప్తారు. అవి వెయ్యరా బొమ్మల్లో? వేస్తే నేను వస్తా, లేకపోతే కేలెండర్ బొమ్మలు చూడ్డానికి ఊరు దాటి రావడం ఎందుకు.

బొమ్మల మాస్టారు

లంకోడు గారూ, అదిరిపోద్ది అన్న మాట వెనక్కి. కానీ ఐడియా మాత్రం వదలను. మీరే చెప్పారుగా, అటక మీద బియ్యం, సంచిలో కాగితాలు, గట్టు మీద గేదెలు. కొలబద్ద గుడ్డ మీద ఒక్కో గీత దగ్గర అవే వేద్దాం, అంకెల పక్కన. నీళ్ళు వెయ్యొద్దు అసలు. మీరే ఆ పిల్లలకి ఒక పూట కూర్చుని చెప్తారా?

లంకోడు

చెప్తా. మా అమ్మని కూడా తీసుకొస్తా, ఆవిడకి ఇంకా బాగా గుర్తు. పడవ మీద పాడే పాటలు కూడా రెండు మూడు వచ్చావిడకి, కానీ మైకు ముందు నిలబడదు, మీరే వచ్చి నేర్చుకోవాలి.

నల్లమడ

కాకినాడ నుంచి. నేను కోరింగ అభయారణ్యం వైపు పక్షుల్ని చూడ్డానికి తిరుగుతుంటా కాబట్టి ఆ కోణంలో రెండు మాటలు.

మీ పిల్లలు మడ అడవి బొమ్మలు వేస్తామంటే ఫోటోలు చూసి వెయ్యనివ్వకండి, ఒకసారి కోరింగలో చెక్క దారి మీద నడిపించండి. ఆటు పోటు టైం చూసుకుని నీళ్ళు తగ్గినప్పుడు వెళ్ళాలి. అప్పుడు బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేర్లు కనపడతాయి, వేల కొద్దీ, వేలెడంత పొడుగు, బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ఆ వేళ్ళతోనే ఊపిరి పీల్చుకుంటుంది. మడ చెట్టు ఆకు తిరగేసి నాలిక్కి తగిలిస్తే ఉప్పగా ఉంటుంది, ఎండ బాగా ఉన్నరోజు ఆకు మీద ఉప్పు పలుకులు కంటికే కనపడతాయి, ఉప్పునీళ్ళు తాగి ఉప్పుని అలా బయటికి నెట్టేస్తుంది. ఆ బురదలోనే కళ్ళు నెత్తి మీద పెట్టుకుని గెంతే చేపలు, ఒక చెయ్యి పెద్దగా ఉన్న ఎర్ర పీతలు. పిల్లలు వీటిని వేస్తారు చూడండి, కొబ్బరిచెట్టు జోలికే పోరు.

ఒక జాగ్రత్త: అభయారణ్యం లోంచి కొమ్మ గానీ వేరు గానీ ఈక గానీ గవ్వ గానీ తేకండి, డెకరేషన్ బావుంటుందని కూడా. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది, మంచి పని చెయ్యబోయి కేసులో ఇరుక్కోవద్దు. కొల్లేరు వైపు ఆటపాక వెళ్ళి గూడబాతుల్ని వేసినా అంతే, చూసి రావడం, వేసుకోవడం, ఈక కింద పడున్నా తాకకపోవడం.

కచేరీలో పక్షుల కూతలు రికార్డు చేసి మధ్యమధ్యలో వేద్దాం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఒప్పుకోకండి. సాయంత్రం పూట మన ఊళ్ళో బయట గోరింకలు, పిచ్చుకలు, కప్పలు ఎలాగూ ఉంటాయి. కిటికీలు తీసి పెట్టండి, అదే వినపడుద్ది. నీటిపిల్లి బొమ్మ మాత్రం ఒకటన్నా పెట్టించండి, చేపలు పట్టుకునే పిల్లి మన మడల్లో ఉందంటే జిల్లావాళ్ళే నమ్మట్లేదు.

తేదీ సంగతి: అక్టోబరు నవంబరు పెట్టుకోకండి, వాయుగుండం అన్న వార్త వస్తే మొత్తం పోతుంది. డిసెంబరు మూడో వారం తరవాత బావుంటుంది, వలస పక్షులు కూడా ఉంటాయి కాబట్టి పిల్లలకి చూసి వెయ్యడానికి వీలు. అయితే పొద్దున్నే పొగమంచు, బొమ్మలు ముందు రాత్రే వేలాడదీస్తే కాగితం మెత్తబడి వంకర్లు తిరుగుతుంది, ఆ రోజు మధ్యాహ్నం ఎండెక్కాక పెట్టండి.

పెంకుటి హాలు

సౌండ్ సిస్టమ్ అద్దెకిస్తానండి, రావులపాలెం. అందరూ కళ గురించి చెప్పారు, నేను కాసులూ కరెంటూ గురించి చెప్తా.

కళ్యాణ మండపం తీసుకోకండి. కింద టైల్స్, గోడకి గ్రానైట్, పైన నున్నటి సీలింగు, ముప్పై మంది ఒకేసారి పాడితే మాట మాట మీద పడి ఏ అక్షరం వినపడదు. పాత బడి హాలు దొరికితే అది చూడండి, పైన పెంకులూ చెక్క దూలాలూ ఉన్నది. అలాంటి చోట గొంతు మెత్తగా, స్పష్టంగా వస్తుంది, ఒక్కోసారి మైకే అక్కర్లేదు. ఆరుబయట కొబ్బరితోటలో పెడదాం అని మనసు పుడుతుంది, పుట్టనివ్వకండి. బయట శబ్దం తిరిగి రాదు కాబట్టి పాడేవాళ్ళకి పక్కవాళ్ళ గొంతు వినపడదు, శృతి జారిపోతుంది, పైగా సాయంత్రం సముద్రపు గాలి ఒకటి, దోమలు ఒకటి. తప్పదంటే వెనకాల గోడ ఉన్న చోట అర్ధచంద్రాకారంలో నిలబడండి.

మైకులు మనిషికొకటి వద్దు. ఎంత ఎక్కువైతే అంత కుయ్యిమంటాయి. ఎత్తైన స్టాండ్ల మీద రెండు కండెన్సర్ మైకులు, పాడేవాళ్ళకి ఎదురుగా, తల మీదుగా, అంతే. స్పీకర్లు మైకుల కంటే ముందుకి జరపండి. సీలింగు ఫ్యాన్లు పాట టైంలో ఆపాలి, ఆ గరగర మైకులోకి పోద్ది, డిసెంబరులో ఆపినా ఎవరూ ఏమనరు. జనరేటర్ ఉంటే హాలు వెనక్కి దూరంగా.

బొమ్మలకి ఫోకస్ లైట్లు అడుగుతారు కదా, పాతకాలం హాలోజెన్ వద్దు, వేడికి రంగు కాగితం వంగిపోతుంది. ఎల్ఈడీ వార్మ్ లైటు పైనుంచి ఏటవాలుగా కొట్టండి. అద్దం ఫ్రేములు పెట్టొద్దు, చూసేవాడికి వాడి మొహమే కనపడుద్ది. వెదురు గడలు అడ్డంగా కట్టి పురికొసకి క్లిప్పులతో వేలాడదీస్తే చవక, గోడకి జానెడు దూరంగా ఉండాలి, మన గోడలకి చెమ్మ. టెంట్ హౌస్ వాడి షామియానా గుడ్డ మీద మాత్రం గుచ్చకండి, గాలికి ఊగి పిన్నులు ఊడి బొమ్మలు జనం నెత్తిన పడతాయి, నేను కళ్ళారా చూశా.

ఇక ఆ స్క్రీన్ పెట్టే పెద్దాయన. కాదన్నామని చెప్పకండి. "స్క్రీన్ డబ్బులతో మంచి మైకులు, బొమ్మలకి లైట్లు పెట్టిద్దాం, మీ పేరు ఆహ్వాన పత్రికలో పైన వేస్తాం" అనండి. శాలువా కప్పించండి. అదీ మొదట్లోనే, అయిదు నిమిషాల్లో. చివర్లో పెట్టారో, ముఖ్య అతిథి గారు గంట మాట్లాడి జనాన్ని ఇళ్ళకి పంపేస్తారు.

రెండో గొంతు

పెంకుటి హాలు గారి శాలువా మాటకి దండం. ఒకటి మర్చిపోయా, పాటల హక్కులు. మన చట్టంలో రచయిత పోయిన ఏడాది తరవాత నుంచి అరవై ఏళ్ళు హక్కు ఉంటుంది. కృష్ణశాస్త్రి గారు 1980లో పోయారు, అంటే 2040 చివరిదాకా ఆయన పాటలకి హక్కు ఉన్నట్టే. నండూరి సుబ్బారావు గారు 1957లో పోయారు కాబట్టి 2017తో అయిపోయింది. మీది టికెట్ లేని ప్రోగ్రాం, పాడేది ఊళ్ళో ఔత్సాహికుల సంఘం, అలాంటి దానికి కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది, భయపడక్కర్లేదు. కానీ దాన్ని రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం వేరే సంగతి, ఆ మినహాయింపు దానికి రాదు. టికెట్ పెట్టినా మాట మారిపోద్ది. జానపదాలు, పాత కీర్తనలు అయితే అసలు గొడవే లేదు, లంకోడు గారి అమ్మగారి పాటలు అందుకే ముందు నేర్చుకోండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆహ్వాన పత్రికలో వెయ్యండి మాత్రం, ఆవిడ ఒప్పుకుంటేనే.

వైనతేయ గట్టు

అబ్బా, ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదండి, అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న కమిటీ కూర్చుంది. పెద్దాయన దగ్గర శాలువా మంత్రం పనిచేసింది, స్క్రీన్ పోయింది, మైకులూ లైట్లూ ఆయన ఖాతాలో. మా పాత ఎలిమెంటరీ బడి హాలు పెంకులదే, హెడ్మాస్టారు సరేనన్నారు, ఒక పక్క పెంకులు జారాయి, అవి సర్దించాలి.

బొమ్మలు వరండాలో, గంట ముందు. హాల్లో మూడే: మడ వేర్ల బొమ్మ, ఒండ్రు మట్టితో వేసే పెద్ద గుడ్డ, కొలబద్ద గుడ్డ. లంకోడు గారూ, రొయ్యల చెరువు బొమ్మ కూడా ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి వేస్తానంది, వాళ్ళ నాన్నదే చెరువు, ఏరేటర్ చక్రాలు దానికి బాగా వచ్చంట. ముగ్గుల గురించి కూడా మా భజన ఆడవాళ్ళు ఒక మాట అన్నారు, హాలు గుమ్మంలో జనం వస్తుండగానే బియ్యప్పిండితో పెద్ద ముగ్గు మొదలెట్టి పాటలు అయ్యేసరికి పూర్తి చేస్తారంట, నాకైతే నచ్చింది, మాస్టారు ఏమంటారో.

పాటల్లో మాత్రం ఇంకా తేలలేదు. మోహన రాగంలో ఒకటి ఖాయం, దివ్యనామ కీర్తన ఒకటి ఖాయం. వరద పాట మేమే కట్టుకోవాలి, మాటలు ఎవరు రాస్తారు అన్నదగ్గర ఆగింది. చర్చి పిల్లల్లో ఒకబ్బాయి స్వరం కడతానంటున్నాడు గానీ మాటలు లేకుండా ఎలా కడతాడు.

బొమ్మల మాస్టారు

ముగ్గు బ్రహ్మాండం. కానీ గుమ్మంలో వేస్తే తొక్కుతారు, గుమ్మానికి ఒక పక్కగా, లోపల కూర్చున్నవాళ్ళకి తలుపులోంచి కనపడేలా వెయ్యమనండి. కనుమకి జగ్గన్నతోట తీర్థంలో ప్రభల (దేవుణ్ణి ఊరేగించే పెద్ద చట్రాలు) మీద వెదురూ రంగు గుడ్డలూ కట్టేవాళ్ళు మీ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉంటారు, ఆ పెద్ద గుడ్డ వేలాడదీయడానికి చట్రం వాళ్ళనే అడగండి, డెకరేషన్ వాళ్ళకంటే గట్టిగా కడతారు. డిసెంబరు చివర్లో వాళ్ళు సొంత పనిలో ఉంటారు కాబట్టి ఇప్పుడే చెప్పి పెట్టండి.

లంకోడు

వరద పాటకి మాటలు రాయక్కర్లేదండి. వరదప్పుడు మా ఊళ్ళో ఒకళ్ళకొకళ్ళు అరుచుకునే మాటలే ఉన్నాయి: పడవొచ్చిందా, గొడ్లు ఎక్కాయా, మంచినీళ్ళు ఉన్నాయా, మామ్మని దింపారా. ఒక గుంపు అడగాలి, ఒక గుంపు చెప్పాలి. ఆదివారం మా ఇంటికి రండి, అమ్మ ఉంటుంది. రేవు దాటించే పంటు పొద్దున ఎనిమిదికి ఉంది, తరవాతది ఎప్పుడొస్తుందో నేను హామీ ఇవ్వలేను, ఫోన్ రికార్డర్ చార్జింగ్ పెట్టుకుని రండి.